చక్రానికి చిగుళ్ళు

ఆ ఉదయం తమ్ముడు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, కడుపునిండా తిని, బండెక్కి ఆసుపత్రికి వెళ్ళాలి. అన్నయ్యకు రక్తం ఇవ్వాలి. ఆ తర్వాత నోరు మూసుకొని కూర్చోవాలి. వీటిలో కష్టమైనది చివరిదేనని వాళ్ళావిడ ముందే చెప్పింది.

అన్నయ్య బస్సు డ్రైవరు. తమ్ముడు ఊళ్ళో పళ్ళ డాక్టర్లందరికీ కట్టుడు పళ్ళు చేసిపెట్టే మనిషి. ఇద్దరూ ఒకేసారి, ఒకే దుకాణంలో, ఒకే రకం స్పోకుల చక్రాల బండ్లు కొన్నారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత టైర్లు అరిగి, కొత్తవి వేయించాల్సి వచ్చింది. ఆస్తి పంపకాల్లో రాని గొడవ అప్పుడు వచ్చింది. స్పోకుల చక్రంలో ప్రతి స్పోకుకూ ఒక బెజ్జం ఉంటుంది, ప్రతి బెజ్జంలోంచీ గాలి పోతుంది, కాబట్టి లోపల ట్యూబ్ ఉండి తీరాలన్నది అన్నయ్య వాదం. ట్యూబ్ పేలితే గాలి ఒక్కసారిగా పోయి మనిషిని కింద పడేస్తుంది, ట్యూబ్‌లెస్ అయితే మెల్లగా దిగుతుంది, ఆ బెజ్జాలేవో పూడ్చుకుంటే సరిపోతుందన్నది తమ్ముడి వాదం. ఇద్దరి మాటలోనూ నిజముంది. వచ్చిన చిక్కల్లా అదే. ఒకరిది అబద్ధమై ఉంటే ఎప్పుడో వదిలేసేవారు.

బెజ్జాలు పూడ్చడానికి తమ్ముడు బజారుకు పోలేదు. కట్టుడు పళ్ళకు చిగుళ్ళు పోసే గులాబీరంగు ముద్ద ఇంట్లోనే ఉందాయె. "మనుషుల నోళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటుంది, చక్రంలో ఉండదా?" అని రిమ్ము లోపల చుట్టూ చిగుళ్ళు పోసేశాడు. అది చూసి అన్నయ్య, "చిగుళ్ళెలాగూ పోశావు కదా, పళ్ళు కూడా పెట్టెయ్యరా, రోడ్డును కొరుక్కుంటూ పోతుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఎదురుపడితే ఒకరి మొహం ఒకరు కాక, ఒకరి చక్రం ఒకరు చూసుకొని వెళ్ళిపోయేవారు.

మొన్న అన్నయ్య బండి ట్యూబ్ పేలింది. కింద పడ్డాడు. వెనక వస్తున్న లారీ కాలి మీదుగా పోయింది. వదిన ఏడుస్తూ ఫోన్ చేస్తే తమ్ముడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ట్యూబేనా?" అని. ఎలా ఉన్నాడని కాదు, బతికున్నాడా అని కాదు. వదిన ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచి తమ్ముడికి కూడు సయించలేదు. తన నాలుక తనే కోసుకోవాలన్నంత సిగ్గేసింది. ఆపరేషన్ చేయాలన్నారు. కాలు ఉంచడమా, తీసేయడమా అన్నది లోపలికి తీసుకెళ్ళాకే తేలుతుందన్నారు. అన్నయ్యది అంత తేలిగ్గా దొరకని గ్రూపు రక్తం, తమ్ముడిదీ అదే. గత్యంతరం లేక వదినే మళ్ళీ ఫోన్ చేసింది.

"వచ్చి రక్తం ఇవ్వు. ఆయన ఎదుట టైరు అన్న మాట నీ నోట వచ్చిందంటే మాత్రం ఈ జన్మకి నీ మొహం చూడను."

తీరా బయల్దేరబోతుంటే వాళ్ళావిడ గుమ్మంలోంచి చెప్పింది. "వెనక చక్రం దిగినట్టుందండీ. బస్సెక్కి వెళ్ళండి."

"దిగితే మెల్లగానే కదా దిగుతుంది. దాని గొప్పే అది."

"ఇవాళ కూడా ఆ మాటేనా?" అంది ఆవిడ.

అతనికి బస్సెక్కడం ఇష్టం లేక కాదు. మంచం మీంచి అన్నయ్య "బండేదిరా?" అని అడిగితే ఏం చెప్పాలన్నదే భయం. గాలి పంపు తెచ్చి, కాలితో తొక్కి తొక్కి గాలి నింపి బయల్దేరాడు.

సగం దారిలో, పైపుల కోసం తవ్వి, పూడ్చడం మరిచిపోయిన గుంత ఒకటి వచ్చింది. చక్రం అందులో పడగానే లోపల అప్పడం విరిగినట్టు చప్పుడైంది. స్పోకులు వంగుతాయి, చిగుళ్ళు వంగవు. టైరు తమ్ముడి వాదం ప్రకారమే మెల్లగా, మర్యాదగా దిగిపోయింది. ఎండలో బండి తోసుకుంటూ పంక్చర్ కొట్టుకు చేరేసరికి అతనికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

పంక్చర్ వేసేవాడు టైరు ఊడదీసి, చక్రంలోకి రెండుసార్లు తొంగి చూశాడు. తర్వాత పక్క కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన్ని పిలిచాడు.

"ఇలా రా బాబాయ్. ఈ సార్ బండికి చిగుళ్ళున్నాయి."

తాళాలాయన కళ్ళజోడు సర్దుకొని వంగి చూశాడు. "పిప్పి పన్ను కూడా ఉందేమో చూడు. బలహీనంగా కనిపిస్తోంది."

"తొందరగా కానివ్వండి. ఆసుపత్రికి వెళ్ళాలి" అన్నాడు తమ్ముడు.

"ట్యూబ్ వేసేస్తా సార్. పది నిమిషాల పని."

"ట్యూబ్ వద్దు. పగిలినచోట పూడ్చు."

"దేంతో పూడ్చను? నా దగ్గర పళ్ళ సామాను లేదు కదా."

అప్పుడే ఫోన్ మోగింది. వదిన. "ఎక్కడున్నావు? బండి గానీ మొరాయించిందా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం అతనికి మళ్ళీ రాదు. "అబ్బే, లేదు వదినా. దివ్యంగా పరిగెడుతోంది. వచ్చేస్తున్నా" అన్నాడు. పంక్చర్ వేసేవాడు తన చేతిలో ఉన్న చక్రాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

పాపం, వదిన ఆ మాట భర్తకు ధైర్యం చెబుదామనే చెప్పింది. "మీ తమ్ముడు దారిలో ఉన్నాడు. బండి దివ్యంగా ఉందట, వచ్చేస్తాడు." అన్నయ్యకు అది మరోలా వినపడింది. నా కాలు నుజ్జయి నేను మంచాన పడి ఉంటే, వాడి బండి దివ్యంగా ఉందని కబురంపుతాడా? ఆ కోపం బీపీ పరికరం దాకా పాకింది. మత్తుమందు డాక్టరు అంకెలు చూసి తల అడ్డంగా ఊపాడు. వదిన మళ్ళీ ఫోన్ చేసింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? ఆయన బీపీ పెరిగిపోయింది. తగ్గేదాకా లోపలికి తీసుకెళ్ళరట. ఆలస్యమైన కొద్దీ కాలు దక్కడం కష్టమట."

తమ్ముడు ఫోన్ జేబులో పెట్టి, "ట్యూబ్ వెయ్యి" అన్నాడు.

"ఈ పెచ్చులు గీకెయ్యాలి సార్. గాజు పెంకుల్లా ఉన్నాయి, ట్యూబును కోసేస్తాయి."

"ఎంతసేపు?"

"అరగంట."

"గీకొద్దు. ఎక్కించెయ్."

"తర్వాత నన్ననొద్దు మరి."

బండి అక్కడే పడేసి ఆటో ఎక్కొచ్చు కదా అని మీరంటారు. ఆ సంగతి అతనికీ తోచింది, మర్నాడు.

ట్యూబ్ ఆసుపత్రి గేటు దాకా ఆగింది. సరిగ్గా గేటు దగ్గర, కాపలావాడు చెయ్యెత్తి పక్కకు పొమ్మంటుండగా, లోపలి చిగుళ్ళు కొరికేశాయి. ఢామ్మని పేలింది. తమ్ముడు ముందుకు ఎగిరి, గేటు కమ్మీకి మొహం కొట్టుకున్నాడు. ముందు పన్ను ఒకటి ఊడి అరచేతిలో పడింది. ఊరందరికీ పళ్ళు కట్టే మనిషి దాన్ని పనివాడి చూపుతో అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

రక్తం తీసే గదిలో ఉన్న అమ్మాయి అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "రక్తం ఇవ్వడానికి వచ్చారా, ఎక్కించుకోవడానికా?"

"ఇవ్వడానికే. తొందరగా తీసుకోండి."

ఆమె అతని నోట్లో దూది పెట్టించి, నాడి చూసింది. "గుండె రైలింజన్‌లా కొట్టుకుంటోంది. ఇలా ఉంటే సూది పెట్టను. కూర్చోండి, కాసిన్ని నీళ్ళు తాగండి, మనసుకు నచ్చింది ఏదైనా తలుచుకోండి."

అతను కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, తలుచుకున్నాడు. కళ్ళముందు నుజ్జయిన కాలు తప్ప ఏమీ రాలేదు. ఆమె మళ్ళీ నాడి పట్టుకుంది. ఇంకా పెరిగింది. అక్కడ అన్నకు బీపీ తగ్గదు, ఇక్కడ తమ్ముడికి నాడి దిగదు. మధ్య నడవాలో వదిన గోడకు చేరగిలబడి నిలబడింది. ఆమెకు ఏడవడానికి కూడా ఓపిక అయిపోయింది.

చివరికి ఆమే వచ్చి అతని రెక్క పట్టుకుంది. "రా. ఆయన నిన్ను చూస్తానంటున్నాడు. తిట్టుకుంటారో, కొట్టుకుంటారో ఇద్దరూ తేల్చుకోండి. నావల్ల కాదు."

అన్నయ్య మంచం మీద పాలిపోయి ఉన్నాడు. దుప్పటి కింద ఒకవైపు కాలు ఉంది, రెండోవైపు ఏదో కట్ల మూట ఉంది. తమ్ముడు మెట్ల మీద జారిపడ్డానని చెప్పాలనుకొని వచ్చాడు. ఆ మూట చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

"మొహానికేమైందిరా?" అన్నాడు అన్నయ్య.

"ట్యూబ్ పేలింది అన్నయ్యా."

వదిన కళ్ళు మూసుకుంది.

"నీ బండికి ట్యూబెక్కడిది?"

"ఇందాకే వేయించా. గుంతలో పడి చిగుళ్ళు పగిలాయి. ఆ పెచ్చులే ట్యూబును కొరికేశాయి. ఫోన్లో దివ్యంగా ఉందన్నది అబద్ధం." అతను మంచం అంచు పట్టుకున్నాడు. "మొన్న వదిన ఫోన్ చేస్తే ట్యూబేనా అని అడిగాను అన్నయ్యా. నువ్వు రోడ్డు మీద పడి ఉంటే నేను అడిగింది అది. మనిషన్నవాడు అడగడు అలా. నన్ను క్షమించు."

అన్నయ్య చూపు తమ్ముడి నోట్లో ఖాళీ అయిన పంటి చోటికి పోయింది. "కొరికిందన్నమాట" అన్నాడు మెల్లగా.

"ఊఁ."

"పళ్ళు పెట్టమన్నానని నీ పన్నే పెట్టావురా వెధవా."

అన్నయ్య పొట్ట కదలడం మొదలైంది. నవ్వుతున్నాడు. నవ్వితే నొప్పి, నొప్పెడుతున్నా నవ్వుతున్నాడు. అంకెలు దిగుతుంటే నర్సు నమ్మక పరికరాన్ని రెండుసార్లు తట్టింది. అన్నయ్య కళ్ళు తుడుచుకొని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"నాదీ దానంతటది పేలలేదురా. మేకు దిగింది. ట్యూబ్ తప్పేం లేదు. ఉందంటావా?"

ఆ గదిలో అందరూ తమ్ముడి వైపు చూశారు. మేకు దిగినా ట్యూబ్‌లెస్ అయితే మెల్లగా దిగేదని, ఈ కాలు ఈపాటికి నేల మీద ఉండేదని అతని నాలుక చివరిదాకా వచ్చింది. పన్ను ఊడిన సందులోంచి బయటపడబోయింది కూడా. పెదవులు బిగించి ఆపాడు.

"లేదన్నయ్యా" అన్నాడు.

అన్నయ్యను లోపలికి తీసుకెళ్ళారు. తమ్ముడి నాడి కూడా దిగింది. రక్తం ఇచ్చేంతసేపూ పక్కనున్న గోడ చూస్తూ ఏడ్చాడు, ఆ అమ్మాయి సూది నొప్పనుకొని ఓదార్చింది.

ప్రాణం దక్కింది. మోకాలి కింద కాలు దక్కలేదు. "ఇంకాస్త ముందు మొదలుపెట్టినా దక్కేది కాదేమో" అన్నాడు బయటికొచ్చిన డాక్టరు, చేతులు తుడుచుకుంటూ. ఆ చివరి "ఏమో" తమ్ముడితో ఇంటిదాకా వచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది, ఇప్పటికీ పోలేదు.

అన్నయ్య ఇంటికి వెళ్ళే రోజున ఆసుపత్రివాళ్ళు చక్రాల కుర్చీ ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టారు. తమ్ముడే చంకల కింద చేతులు వేసి, ఎత్తి అందులో కూర్చోబెట్టాడు. అన్నయ్య చెయ్యి అలవాటు కొద్దీ చక్రం మీదికి పోయింది. స్పోకులు తడిమాడు. బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. రెండోసారి ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"ఒరేయ్, ఇందులో ట్యూబేనంటావా?"

తమ్ముడు కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. "ట్యూబే అన్నయ్యా. స్పోకులకు ట్యూబ్ లేకపోతే ఎలా?"

అన్నయ్య తృప్తిగా తలూపి, కుర్చీని ముందుకు పోనిమ్మన్నాడు. వదిన వంగి చక్రం చూసింది. లోపల ట్యూబూ లేదు, గాలీ లేదు, అంతా ముద్ద రబ్బరు. ఆమె తల ఎత్తి మరిది మొహం చూసింది, అతను చూపు తిప్పుకున్నాడు. ఆమె వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది. ఆ ఇంట్లో శాంతి ఒక కాలు ఖరీదుకు వచ్చింది, రెండోది కూడా పెట్టి నిజం కొనే ఉద్దేశం ఆమెకు లేదు.