ఎంత ఊదినా పలకని ట్రంపెట్లు

ఆ శనివారం పొద్దున బుజ్జి వేసుకున్న పథకం చాలా తేలికైనది. ఇంట్లో ఉన్న రెండు ట్రంపెట్లూ ఊది చూడాలి, ఒకటి ఎంచుకోవాలి, రెండోది కొట్లో తిరిగి ఇచ్చేయాలి, సాయంత్రం ఎంచుకున్నదానితో బ్యాండ్ మాస్టారి ముందు నిలబడాలి.

మూడేళ్లుగా ఆ పిల్ల బడి బ్యాండులో చివరి వరసలోనే ఉంది. నొక్కిన మీట మళ్లీ పైకి లేవని బడివాళ్ల పాత ట్రంపెట్‌తోనే నెట్టుకొచ్చింది. ఇన్నాళ్లకు ముందు వరసలో ఒక చోటు ఖాళీ అయింది. సొంత వాయిద్యం ఉన్నవాళ్లకే పరీక్ష అన్నారు మాస్టారు. నిన్ననే పాతదాన్ని బడికి అప్పగించేసి, ఒక పూట ఊది చూసుకోవడానికి కొట్టాయన దగ్గర రెండు తెచ్చుకుంది. ఒకటి నల్ల పెట్టెలోది, ఒకటి ఎర్ర పెట్టెలోది. అప్పటినుంచి ఆ పిల్లకు కాలు ఒకచోట నిలవడం లేదు.

స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లోవాళ్లంతా వింతగా మంచివాళ్లైపోయారు. అచ్చాఫీసులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ట్రంపెట్ పేరెత్తితేనే తలగడ కింద తల దూర్చే నాన్న, "ఊదుకో తల్లీ, ఎంతసేపైనా ఊదుకో," అన్నాడు. కింది వాటాలో పసిపిల్ల పడుకుందంటూ రోజూ వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకునే నాన్నమ్మ కూడా, "కానీవే, ఎవరొద్దన్నారు," అంది. నిద్రలో కూడా తీయని ఉన్ని టోపీ ఆవిడ తల మీద లేదు. బుజ్జి చూసింది గానీ, ఆ హడావుడిలో పట్టించుకోలేదు.

నల్ల పెట్టెది తీసి ఊదింది. ముసుగుతన్ని పడుకున్నవాళ్లు మూలిగినట్టు వినిపించింది. ఎర్ర పెట్టెది ఆ మూలుగు కూడా మూలగలేదు. పెదాలు తడుపుకుని, కిటికీ దగ్గర నిలబడి, మంచం ఎక్కి, దవడలు పీకేదాకా రెండూ మార్చి మార్చి ఊదింది. చివరికి నల్ల పెట్టెదాంట్లోంచి మాత్రం సన్నటి పలుకొకటి బయటికొచ్చింది. దాంతో ముందు వరస కాదు కదా, ముందు గదికి కూడా వినిపించదు.

"నా పెదాలే పాడైపోయాయమ్మా. ఇక నేను చివరి వరసకి కూడా పనికిరాను," అంది ఏడుపు గొంతుతో.

బట్టలు కుట్టి ఊళ్లో సగంమందితో బేరాలాడిన మనిషి అమ్మ. "నీ పెదాలకేం, మాట్లాడటానికి బాగానే పనిచేస్తున్నాయిగా. చిన్నపిల్లవని పనికిరానివి అంటగట్టాడు ఆయన. పద, అడిగేద్దాం," అంది. అక్కడితో ఆగక, "ఏమండీ, మీరూ లేవండి."

"ఇప్పుడెందుకే గొడవ," అన్నాడు నాన్న. "మెత్తగా పలకడం కూడా ఒక గుణమే. పైగా నా రెండో సాక్సు కనపడటం లేదు."

"ఒంటి సాక్సుతోనే రండి."

టోపీ లేనిదే గడప దాటని నాన్నమ్మ, ఎర్ర పెట్టెవైపే చూస్తూ వాళ్ల వెనకే బయల్దేరింది.

అమ్మ కొట్టు మెట్ల దగ్గరే మొదలుపెట్టింది. పాపం, కొట్టాయన ఎర్ర పెట్టెది తీసి గుండెల నిండా గాలి పీల్చి ఊదాడు. కళ్లు బయటికొచ్చాయి గానీ శబ్దం రాలేదు. అప్పటిదాకా వేణువు బేరమాడుతున్న పెద్దమనిషి దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టి జారుకున్నాడు. "ఒట్టమ్మా, నిన్న ఖంగున మోగింది," అంటూ కొట్టాయన చెమట తుడుచుకున్నాడు.

మీటలకు వేసే నూనె కోసం వచ్చిన బ్యాండ్ మాస్టారు అప్పుడే లోపలికి అడుగుపెట్టారు. బుజ్జికి పై ప్రాణాలు పైనే పోయాయి. సాయంత్రం పోవాల్సిన పరువు పొద్దున్నే పోతోందనుకుంది.

"ఏదీ, ఊదు," అన్నారాయన.

నల్ల పెట్టెది ఊదింది. అదే సన్నటి పలుకు. మాస్టారు మొహం చిట్లించి, ట్రంపెట్ నోట్లోకి తొంగి చూసి, పైన వేలాడే వాయిద్యాలను దింపే కొక్కెం కర్ర అడిగి తీసుకున్నారు. లోపల పెట్టి లాగితే సాక్సు వచ్చింది. దాని బొటనవేలి దగ్గర ఆకుపచ్చ దారంతో కుట్టు ఉంది.

"ఈ కుట్టు నాది," అంది అమ్మ.

అందరూ నాన్న కాళ్లవైపు చూశారు.

"రెండు గంటలు నిద్రపోదామని..." అన్నాడు నాన్న నేల చూపులు చూస్తూ. అమ్మ నోరు తెరిచేలోగా, మాస్టారు కర్ర పెట్టి లాగితే ఎర్ర పెట్టెదాంట్లోంచి ఉన్ని టోపీ ఊడిపడింది.

"నాకోసం ఏమన్నా చేశానా? కింది పసిదాని కోసం," అంది నాన్నమ్మ, టోపీ దులిపి పెట్టుకుంటూ. తల్లీకొడుకులు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే పని చేశారు. రక్తసంబంధం ఊరికే పోతుందా?

బుజ్జికి ఒళ్లంతా ఉత్సాహం పొంగుకొచ్చింది. పాడైంది తన పెదాలు కాదు. నల్ల పెట్టెది అందుకుని, పొద్దున్నుంచీ సాక్సును తోసీ తోసీ అలవాటైన ఊపిరంతా పెట్టి ఊదింది. అరల్లో అద్దాలు గలగలలాడాయి. వీధిలో సైకిల్ మీద పోయేవాళ్లు కాలు కింద పెట్టి నిలబడ్డారు. జారుకున్న వేణువు పెద్దమనిషి కూడా వెనక్కొచ్చాడు. ఆగడం ఇష్టంలేక బుజ్జి ఇంకోసారి ఊదింది.

"ఇంత ఊపిరి ఎక్కడిదే నీకు?" అన్నారు మాస్టారు.

"పొద్దున్నుంచీ మేమే సాధన చేయిస్తున్నామండీ," అన్నాడు నాన్న, పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని.

"సాయంత్రం వచ్చెయ్. పరీక్షకి కాదు, ముందు వరసలో కూర్చోవడానికి."

కొట్టాయనకు ప్రాణం లేచొచ్చింది. "ఎర్ర పెట్టెది కూడా ఊది చూడమ్మా, ఇప్పుడు బాగా పలుకుతుంది," అన్నాడు.

బుజ్జి నల్ల పెట్టెను గుండెలకు హత్తుకుంది. "వద్దండీ. అడ్డం లేనప్పుడు అన్నీ పలుకుతాయి. నోట్లో సాక్సు కుక్కినా పలికింది ఇదొక్కటే."

ఆ సాక్సు మళ్లీ నాన్న కాలికి ఎక్కలేదు. అమ్మ దాన్ని రెండు ముక్కలు చేసి, ఉండలుగా కుట్టి, చెవికొకటి చొప్పున ఇచ్చింది.