స్వరసంతలో మునిరత్నమ్మ పాట

రాష్ట్రంలో ఇకమీదట ఏ పాటా దళారి చేతిలో పడబోదని మంత్రిగారు చిత్తూరులో ప్రకటించారు. స్వతంత్ర గాయకులు తమ రికార్డింగులను ఇంట్లోంచే ప్రపంచమంతటికీ అమ్ముకునేలా ‘స్వరసంత’ అనే ఆన్‌లైన్ పోర్టల్ రాబోతోందన్నారు. నిజానికది మామిడి రైతుల సభ. తోతాపురి ధర సంగతి అడగడానికి వచ్చిన రైతులు పాటల సంగతి విని, మంత్రిగారి ముందుచూపుకు నివ్వెరపోయి, చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళారు.

ఆ సభలో మనస్ఫూర్తిగా సంతోషించింది ఒక్క మునిరత్నమ్మే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పని ఆమెది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పదకొండు పాటలు ఆ చుట్టుపక్కల ఆమెకు తప్ప ఇంకెవరికీ రావు. సెల్‌ఫోన్ షాపు మేడమీద చిన్న స్టూడియో నడిపే ఏబెల్ వాటిని రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చాడు. తాను పోయినా ఆ పాటలు ఉండాలని ఆమె ఆశ.

“నేనే నెట్‌లో పెట్టేస్తా అక్కా. పావుగంట పని,” అన్నాడు ఏబెల్.

“గవుర్మెంటే అమ్మిపెడతానంటా ఉంటే మనకెందుకబ్బా?”

పోర్టల్ బాధ్యతలు చూసే సుదర్శనం గారు పద్ధతి గల అధికారి. ఆమె తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు.

“నువ్వు ఇండిపెండెంట్ ఆర్టిస్టువేనామ్మా?”

“అంటే ఏంది సార్?”

“ఎవురి మీదా ఆధారపడకుండా పాడేదానివా అని.”

“నా గొంతుతోనే పాడతాను సార్.”

“నోటిమాట చెల్లదమ్మా. ఎమ్మెల్యే గారి సిఫార్సు లెటర్ తీసుకునిరా, ఇండిపెండెంట్ అని సర్టిఫికెట్ ఇస్తాను.”

ఎమ్మెల్యేగారి వరండాలో మూడు వారాలు కూర్చున్నాక ఆమెకు స్వాతంత్ర్యం వచ్చింది. తర్వాత పాటల మీద గెజిటెడ్ సంతకం కావాలన్నారు. దగ్గర్లో ఉన్న గెజిటెడ్ అధికారి పశువుల డాక్టర్ నిర్మలమ్మ గారొక్కరే. ఆవిడ ఒక గేదెకు సూది వేసి, చేతులు కడుక్కుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పదకొండు పాటలూ విన్నారు. ఏడో పాటకు కళ్ళు తుడుచుకున్నారు. ‘ఒరిజినల్‌తో సరిచూడడమైనది’ అని రాసి పచ్చ సిరాతో సంతకం పెట్టారు. ఒరిజినల్ ఎదురుగానే నిలబడి ఉంది కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు.

అన్నీ తీసుకుని మళ్ళీ వెళితే సుదర్శనం గారు మెచ్చుకున్నారు.

“అంతా కరెక్టుగా ఉండాది. అయితే పాట నాలుగు నిమిషాలు కదా, పోర్టల్లో నలభై సెకన్లే పడతాది.”

“మిగతాది యాడ పెట్టేది సార్?”

“సెకండ్ ఫేజులో.”

మునిరత్నమ్మ బయటికొచ్చి నేరుగా ఏబెల్ మేడ ఎక్కింది. “నువ్వే పెట్టబ్బా,” అంది. నిజంగానే పావుగంట పట్టింది. రెండు వారాల్లో పాటలు కొనుక్కున్నవాళ్ళు ముప్ఫైమంది దాటారు. అయిదో పాటలో రెండో చరణానికి అర్థమేమిటని చెన్నై నుంచి ఎవరో అడిగారు. ఏబెల్ చదివి వినిపిస్తే ఆమె ఇంకోసారి చదవమంది. వాళ్ళమ్మ పోయిన తర్వాత ఆ చరణం గురించి అడిగిన మొదటి మనిషి ఆ చెన్నై వారే.

ఇంతలో స్వరసంత ప్రారంభోత్సవం వచ్చింది. దరఖాస్తుదారులంతా తిరుపతికి రావాలని ఫోన్లకు మెసేజ్ పెట్టారు. మొత్తం నాలుగు వందల పన్నెండు దరఖాస్తులు. అన్నీ పరిశీలనలో ఉన్నాయి. ఒక్కటీ మంజూరు కాలేదు కాబట్టి పోర్టల్లో ఒక్క పాటా లేదు. మంత్రిగారు మీట నొక్కితే ఏదో ఒకటి మోగాలి కదా. సుదర్శనం గారు చొరవ తీసుకున్నారు.

మంత్రిగారు నొక్కారు. హాలంతా మునిరత్నమ్మ గొంతు నిండింది. తెరమీద ‘గానం: అజ్ఞాత జానపద కళాకారిణి’ అని పడింది.

దరఖాస్తుదారుల మధ్య కూర్చున్న మునిరత్నమ్మ గబగబా వెళ్ళి, వేదిక పక్కన నిలబడి ఉన్న సుదర్శనం గారిని పట్టుకుంది. “సార్, అది నా పాట!”

“తెలుసునమ్మా. నెట్‌లో కొన్నది నేనే. నీ ఫైలు పెండింగులో ఉండాది కదా, మంజూరు కాని పేరు తెరమీద ఎట్లా ఏసేది?”

ఈలోగా మంత్రిగారు కండువాతో కళ్ళు ఒత్తుకుని మైకు అందుకున్నారు.

“ఇట్లాంటి గొంతు మళ్ళా పుడతాదా అప్పా? పేరు కూడా తెలియకుండా వెళ్ళిపోయింది ఆ తల్లి! బతికున్నప్పుడు ఏ ప్రభుత్వమూ పట్టించుకోలా. మేం పట్టించుకుంటాం. ఈ తిరుపతి నడిబొడ్డులో ఆమెకు కంచు విగ్రహం పెట్టిస్తాం!”

చప్పట్లతో హాలు అదిరిపోయింది.

“సార్, నేను బతికే ఉండానని చెప్పండి సార్!”

సుదర్శనం గారు ఒకసారి వేదిక వైపు, ఒకసారి ఆమె వైపు చూశారు.

“మంత్రిగారు అనౌన్స్ చేసేసినారమ్మా. పోయి కూర్చో.”

ఆమె వచ్చి కూర్చునేలోపే రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరూ లేచి తల వంచుకున్నారు. మునిరత్నమ్మ కూడా వంచుకుంది. మౌనం అయిపోయాక, భజన పాటలతో సూళ్లూరుపేట నుంచి వచ్చిన సుబ్బులమ్మ పక్క కుర్చీలో ముక్కు చీదుకుంటూ అడిగింది.

“పాపం, ఆ మహాతల్లి నీకేమన్నా తెలుసునా అక్కా?”

“తెలుసు,” అంది మునిరత్నమ్మ. “బాగా పాడతా ఉండె.”