గంప ఎరువు పన్నెండు వెలగకాయలు

ఒక పెద్ద అడవిలో ఆకులు రాలేవి, పేడ పడేది, రెండూ మెల్లగా ఎరువైపోయేవి. మట్టి కింద ఆ పనంతా చేసేది వానపాము మట్టయ్య, అతని బలగం. జీతం అడగరు కాబట్టి, వాళ్ళు పనిచేస్తున్నట్టు ఎవరికీ తెలియదు.

అడవి పంచాయతీకి అధ్యక్షుడు ఏనుగు గజపతయ్య. కార్యదర్శి నక్క జంబులింగం.

"అయ్యా, సంతలో గంప ఎరువు మూడు వెలగకాయలు పలుకుతోంది. మనమేమో బంగారంలాంటి చెత్తని నేలపాలు చేస్తున్నాం," అన్నాడు జంబులింగం ఒకరోజు.

"పేడకి కూడా ధరుందా?"

"అందులో పెద్ద వాటా తమరిదేనయ్యా."

గజపతయ్య మురిసిపోయి సంతకం పెట్టాడు.

వారంలో ఎరువు షెడ్డు లేచింది. ఆకులు ఊడవడానికి కోతులు, మోయడానికి గాడిదలు, గాడిదలు మోస్తున్నాయో లేదో చూడటానికి తోడేళ్ళు, తోడేళ్ళ మీద నివేదిక రాయడానికి జంబులింగం బావమరిది. చెట్టు కింద అనుమతి లేకుండా కుళ్ళిన ఆకు కనిపిస్తే జరిమానా.

మూడు నెలలకి ఎరువు తయారైంది. చిలగడదుంపలు పండించుకునే కుందేలు చుక్కమ్మ మూడు వెలగకాయలు మూటగట్టుకుని వచ్చింది.

"గంప పన్నెండు," అన్నాడు జంబులింగం.

"సంతలో మూడేగా బాబూ?"

"అది ధరమ్మా. ఇది ఖర్చు."

"నా మడిలో దుంపలన్నీ అమ్మినా ఎనిమిది రావు. నా పిల్లలేం తినాలి?"

"అది మా శాఖ కాదు."

చుక్కమ్మ ఉత్త గంపతో వెళ్ళిపోయింది. ఇంకెవరూ రాలేదు. చివరికి ఎరువు సంతకి తోలి, మూడుకే అమ్మారు.

"గంపకి తొమ్మిది నష్టమా?" అన్నాడు గజపతయ్య.

"ఎక్కువ గంపలు అమ్మితే సర్దుకుంటుందయ్యా."

దాంతో కోతులు అడవినంతా అద్దంలా ఊడ్చేశాయి. తినడానికి ఆకు దొరక్క మట్టయ్య బలగం ఒక వానపూట వాగు దాటి వెళ్ళిపోయింది. నేల బండబారింది. షెడ్డులో కుప్ప ఎరువు కావడం మానేసి కంపు కొట్టసాగింది.

పంటకాలానికి చుక్కమ్మ ఒక్క దుంప తెచ్చి గజపతయ్య ముందు పెట్టింది. అది ఆవిడ తోకంత ఉంది.

"మట్టయ్య వాళ్ళు వాగు దాటి పోయాక ఈ ఏడు పండిందంతా ఇదేనయ్యా. నలుగురు పిల్లలు. మీరే పంచిపెట్టండి."

గజపతయ్య ఆ దుంపని తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాడు. తానే వాగు దాటి వెళ్ళి, మట్టయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వచ్చేయండయ్యా. ఏం కావాలన్నా ఇస్తాను."

"ఆకుని పడ్డచోటే ఉండనివ్వండి. మా జోలికి ఎవరూ రాకండి. అంతే చాలు," అన్నాడు మట్టయ్య.

గజపతయ్య షెడ్డు మూయించాడు. రెండు వానలకి నేల మెత్తబడింది. చుక్కమ్మ మడి మళ్ళీ నల్లగా నిగనిగలాడింది. పిల్లలు కడుపునిండా తిన్నారు.

అప్పుడు జంబులింగం కొత్త కాగితం పట్టుకొచ్చాడు.

"అయ్యా, ఇకమీదట ఎవరూ ఆకులు ఊడవకుండా చూడాలి కదా. దానికి కొంత సిబ్బంది..."

గజపతయ్య సంతకం పెట్టాడు. ఇప్పుడా అడవిలో ఎరువు పూర్తిగా ఉచితం. అలా ఉచితంగా ఉంచడానికి గంపకి పదమూడు వెలగకాయలు ఖర్చవుతున్నాయి.

నీతి: ఏ పనైనా దానంతటదే జరిగిపోతుంటే వెంటనే దానికో ఆఫీసు పెట్టండి, లేకపోతే అది ఎప్పటికీ అలా సవ్యంగానే జరిగిపోతుంది.