సెకండ్ హ్యాండ్ జెట్‌లో చివరి సీటు

ఆ ఉదయం ఉసామి వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు హ్యాంగర్ చేరి, అమ్మకానికి పెట్టిన చిన్న జెట్ అద్దాలు తుడవాలి. తర్వాత ఇంజినీరు వచ్చి పరీక్షిస్తాడు, మధ్యాహ్నం అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ బేరం కాగితాల మీద సంతకానికి బదులు ముద్రలు వేస్తారు, సాయంత్రానికి ఉసామి మళ్ళీ పైలట్ అయిపోతాడు. కొనేది ద్వీపంలో చేపల కంపెనీ యజమాని తొకునాగా. అక్కడి రన్‌వే రుమాలంత. దానిమీద దిగగల జెట్, అదీ సెకండ్ హ్యాండ్‌లో, మళ్ళీ దొరకడం కల్ల. బేరం చెడిందా, అరవై దాటిన ఉసామి అదే కంపెనీ ఐసు గదిలో చేపల పెట్టెలు మోసుకోవాలి.

తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు. చివరి సీటు మీద చదువుకునే దీపం వెలుగుతోంది. విమానం బ్యాటరీ చూస్తే విప్పి బయట బల్లమీద పెట్టి ఉంది! ఉసామి చూస్తుండగానే ఆ సీటు, ఎవరో నడుం వాల్చినట్టు, మెల్లగా వెనక్కి వాలింది. తోలు కిర్రుమంది.

పోయినేడు కన్నుమూసిన ఈ జెట్ పాత యజమాని నిషిగోరి గారే, సందేహం లేదు. తొకునాగా చూస్తే శ్మశానం పక్క దారి తప్పించుకోవడానికి ఊరంతా చుట్టి వచ్చే మనిషి. ఈ సీటు ఆయన కంట పడితే బేరం హుళక్కే!

ఉసామి పక్క దుకాణానికి పరుగెత్తి, దయ్యాల్ని తరిమే ఉప్పు తెచ్చాడు. ఇంటి గుమ్మం దగ్గర పెట్టినట్టే మూలమూలనా చిన్న చిన్న కుప్పలు పెట్టాడు. మామూలు రోజుల్లో, తుప్పు పడుతుందని, విమానం దరిదాపులకు ఉప్పు తెచ్చినవాణ్ణి తిట్టిపోసేది ఉసామే. "తప్పయిపోయింది నిషిగోరి గారూ, ఇక దయచేయండి," అని నడుం వంచి మొక్కాడు. తల ఎత్తేసరికి చివరి సీటు దగ్గరి కుప్పలో వేలు ముంచిన గుంట. ఎవరో రుచి చూశారు! ఉసామి సంచీ మొత్తం అక్కడే కుమ్మరించాడు.

అంతలో బయట కారు ఆగింది. ఊడ్చే వ్యవధి లేదు. ఇంజినీరు ఇవాసె లోపలికి వస్తూనే నేలమీది తెల్లటి పొడి చూసి కెవ్వుమన్నాడు.

"తుప్పండీ తుప్పు! అల్యూమినియం పొడైపోయి రాలుతోంది! దీన్ని లోపల్నుంచి తినేసింది సార్!"

"అనుకున్నా! నిషిగోరి గారి భార్య నన్ను నిలువునా ముంచబోయింది," వెనకే వచ్చిన తొకునాగా మండిపడ్డాడు. "బేరం లేదని ఫోన్ చెయ్యండి!"

ఉసామి ముందుకొచ్చాడు. "తుప్పు కాదు సార్. ఉప్పు."

"బుద్ధుందా కెప్టెన్? విమానంలో ఉప్పు పోసేదెవరు?" అన్నాడు ఇవాసె.

"నేనే."

తొకునాగా మొహం పాలిపోయింది. "ఉప్పెందుకు పోశావయ్యా? లోపల ఎవరున్నారు?"

ఇక దాచి లాభం లేదు. ఉసామి చూసిందంతా చెప్పేశాడు. చెబుతుంటే ఐసు గది చలి అప్పుడే వేళ్ళకు తగిలినట్టయింది. ఇవాసె ఒక్క పరుగున మెట్లు దిగిపోయాడు. తొకునాగా మాత్రం కదల్లేదు. ఆ దీపం వంకే చాలాసేపు చూశాడు.

"అంటే, పోయాక కూడా ఆయన దిగలేదన్నమాట."

"దిగలేదు సార్."

"ఉసామీ, నీకు చెప్పలేదు గానీ, నాకు దయ్యాలకంటే ఆకాశమంటే భయం. మన రన్‌వే తలుచుకుంటే కంటిమీద కునుకు రాదు. ఇన్నేళ్ళు తిరిగిన మనిషి చచ్చాక కూడా దీన్నే నమ్ముకున్నాడంటే, ఇంతకుమించిన పరీక్ష ఏం కావాలయ్యా? కొంటున్నా. ముందు ఆ ఉప్పు ఊడ్చు!"

ఉసామికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా చీపురు అందుకున్నాడు.

మధ్యాహ్నం నిషిగోరి గారి భార్య వచ్చింది. విమానం మెట్ల దగ్గరే బల్ల వేసుకుని ఇద్దరూ ముద్రలు వేశారు. తొకునాగా భక్తిగా తల వంచాడు. "అమ్మా, మీవారి సీటు అలాగే ఉంచుతాం. ఎవర్నీ కూర్చోనివ్వం."

ఆవిడ వింతగా చూసింది. "మావారి సీటేంటండీ? ఆయనకి విమానమంటే చచ్చేంత భయం. గొప్పకి కొన్నారంతే. ఒక్కసారైనా ఎక్కలేదు, పాపం."

లోపల ఆ దీపం కింద చివరి సీటు మెల్లగా నిటారుగా లేచింది. బెల్టు టక్కుమని బిగిసింది.

ఉసామికి ఉద్యోగం ఖాయమైంది. ఇక చెయ్యడమొక్కటే మిగిలింది.