సిస్టర్ శౌరీలు జ్ఞాపకార్థం

ఆ రోజు చెయ్యాలని సిస్టర్ శౌరీలు పొద్దున్నే అనుకున్న పనుల్లో చచ్చిపోవడం లేదు. షామియానా వేయించాలి, ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాలి, మైకు పెట్టించాలి, మధ్యాహ్నం లేబరాఫీసరు వస్తే ఆయన ముందు పదిమంది ఆడవాళ్ళ చేత నోరు విప్పించాలి. అంతే. టీచర్లంతా పదో తరగతి పరీక్షల డ్యూటీకి పోవడంతో బడికి సెలవు. కాన్వెంటులో ఉండే మిగతా ఇద్దరు సిస్టర్లూ ఆ డ్యూటీకే వెళ్ళారు. ఇంత ప్రశాంతమైన రోజు మళ్ళీ దొరకదనుకుంది ఆవిడ.

చిలకలూరిపేట దాటాక హైవే పక్కనే ఉంటుంది ఆ కాన్వెంటు. కూతవేటు దూరంలో జానకిరామయ్యగారి మిరపకాయల కోల్డ్ స్టోరేజి. సీజను వచ్చిందంటే అక్కడి రేకుల షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా కూర్చుని కాయలకు తొడిమలు తీస్తారు. ఆ షెడ్డులో కాటా ఉంది, కెమెరాలున్నాయి, పూలదండ వేసిన దేవుడి పటం ఉంది. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి మాత్రం లేదు. అందుకని వాళ్ళు పొద్దున్నించీ మంచినీళ్ళు ముట్టుకోరు. మిరప ఘాటులో, వేసవి ఎండలో, నీళ్ళు తాగకుండా! మరీ ఉగ్గబట్టుకోలేకపోతే హైవే దాటి అవతలి తుమ్మచెట్ల చాటుకు పోవాలి.

కిందటి నెల కనకలక్ష్మి అనే పిల్ల అలా దాటుతుంటేనే లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయింది. ఆ అమ్మాయి మా దగ్గర పనిచెయ్యనే లేదు, రోడ్డున పోయే మనిషెవరో అన్నాడు జానకిరామయ్య. కనకలక్ష్మి అత్త వెంకటేశ్వరమ్మ కర్మకాండ కాగానే మళ్ళీ అదే షెడ్డులో వచ్చి కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది? కోడలి కోసం ఆమె ఏడ్చిందో లేదో కూడా అక్కడెవరికీ తెలియదు. ఆ షెడ్డులో అందరి కళ్ళూ ఎప్పుడూ ఎర్రబడి కారుతూనే ఉంటాయి మరి.

జానకిరామయ్యను పిసినారి అనడానికి వీల్లేదు. కాకపోతే ఆయన దయ బతికున్నవాళ్ళ దాకా రాదు. తల్లి జ్ఞాపకార్థం బస్ షెల్టరు కట్టించాడు. తండ్రి జ్ఞాపకార్థం శ్మశానానికి గేటు పెట్టించాడు. బావమరిది పోతే ఆయన పేరు రెక్కరెక్కకూ రాయించి గుళ్ళో ఫ్యాన్లు వేయించాడు. మరుగుదొడ్ల కోసం సిస్టర్ శౌరీలు రెండేళ్ళు చెప్పులరిగేలా తిరిగింది. వెళ్ళినప్పుడల్లా మంచి కాఫీ ఇప్పించి, చూద్దాం సిస్టరుగారూ అని పంపించేవాడు. లేబరాఫీసరు రెండుసార్లు వచ్చాడు కానీ మేస్త్రి కోటేష్ పక్కన నిలబడేసరికి ఆడవాళ్ళు తలలు వంచుకుని, మాకే ఇబ్బందీ లేదండి అన్నారు. ఆ మాట విన్నరోజు సిస్టరుకు బీపీ పెరిగి ఆస్పత్రిలో పడుకోవలసి వచ్చింది. అది జరిగి వారమే అయింది. అందుకే ఈసారి ఆఫీసరును కాన్వెంటుకే రమ్మంది.

భోజనం వేళకు ఆడవాళ్ళు బయల్దేరారు. పదిమందిని రమ్మంటే నలభై మందీ వచ్చారు. పోరాటం మీద ఉత్సాహంతో కాదు. కాన్వెంటులో రెండు బాత్‌రూములున్నాయని ఎవరో చెప్పారు. అప్పటిదాకా ఘాటుకు పేరుపడ్డ తేజా రకం మిరపకాయల కుప్ప ముందు కూర్చున్నవాళ్ళు కాబట్టి అందరి కళ్ళూ ముక్కులూ ధారలు కడుతున్నాయి. పమిట కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, వెక్కుతూ దగ్గుతూ హైవే వెంట బారుగా నడుచుకుంటూ వచ్చి, షామియానా వేసిన కాన్వెంటులోకి దూరారు.

అదే సమయానికి ఆటో వీరబాబు అటుగా పోతూ బ్రేకు వేశాడు. సిస్టరుగారి చలవతో బడిలో సీటు దొరికిన కూతురున్నవాడు. ఏమైందని చివర్లో నడుస్తున్న వెంకటేశ్వరమ్మను అడిగాడు. ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. మాట పెగలక, ఘాటు పట్టేసిందని గుండెల మీద అరచేత్తో రెండుసార్లు కొట్టుకుని గేటులోకి వెళ్ళిపోయింది. షామియానా, కుర్చీలు, ఏడుస్తున్న ఆడవాళ్ళు, గుండె. వారం కిందటి బీపీ సంగతి వీరబాబుకు తెలుసు. సిస్టరుకు ఫోన్ చేశాడు. పొద్దున్నించి కరెంటు లేక ఆ ఫోన్ చచ్చి ఉంది. వీరబాబు కళ్ళు తుడుచుకుని, సిస్టరుగారు గుండెపోటుతో పోయారని ఆటో యూనియన్ గ్రూపులో పెట్టాడు.

ఇక చూసుకోండి. ఆ కబురు ఆటోల కంటే వేగంగా పేటంతా తిరిగింది. ఫ్లెక్సీ షాపువాడి దగ్గర మహిళా దినోత్సవానికి తీసిన సిస్టరు ఫోటో ఉంది. శుభాకాంక్షలు తీసేసి అశ్రునివాళి పెట్టి, నవ్వు మొహం మాత్రం అలాగే ఉంచి, జనరేటరు మీద ప్రింటు తీసి కాన్వెంటు గేటుకు బయటివైపు కట్టేసి పోయాడు. కాసేపటికి లేబరాఫీసరు వచ్చాడు. జీపు దిగకుండానే ఫ్లెక్సీ చూసి, కళ్ళద్దాలు తీసి దండం పెట్టి, మీటింగు లేదన్నమాట అనుకుని జీపు వెనక్కి తిప్పించాడు.

ఇంతకీ చనిపోయినావిడ ఎక్కడుంది? కాన్వెంటు పెరట్లో బోరింగు కొడుతోంది. కరెంటు లేక మోటారు ఆడటం లేదు, నలభై మందికి రెండు బాత్‌రూములు, బకెట్టు బకెట్టూ తోడి పొయ్యాలి. అరవై దాటిన మనిషి చీర కుచ్చిళ్ళు దోపుకుని, తోసుకోకండమ్మా అందరికీ వస్తుంది అని కేకలేస్తూ వరస నడుపుతోంది. ఆఫీసరు ఇంకా రాలేదేమిటని మధ్యమధ్య గొణుక్కుంటోంది.

అంతలో చర్చి మీద చావుగంట మోగింది. సిస్టరు బోరింగు ఆపి శిలువ గుర్తు వేసుకుంది. ఎవరో పాపం, ప్రభువా ఆ ఆత్మకు నిత్యవిశ్రాంతి ఇవ్వండి అని కళ్ళు మూసుకుని వేడుకుంది. వరసలో ఉన్నవాళ్ళ చేత కూడా దండం పెట్టించింది. మంచి ఆత్మే అయి ఉంటుందని కూడా అంది.

ముందువైపు జానకిరామయ్య కారు ఆగింది. ఆయన వెనక దండలతో సగం ఊరు. ఆయన పక్కన మేస్త్రి కోటేష్. చెప్పాపెట్టకుండా పని మానేసి వచ్చామన్న భయంతో, షామియానా కింద ఉన్న ఆడవాళ్ళు యజమానిని చూడగానే తలలు దించుకున్నారు. సిస్టరు పెరట్లో ఉందని చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు. వాళ్ళ కన్నీళ్ళు చూసి జానకిరామయ్య కరిగిపోయాడు. శవం ఇంకా ఆస్పత్రి నుంచి రాలేదని తనే అనేసుకుని, నిలువెత్తు దండ చేత్తో పట్టుకుని మైకు అందుకున్నాడు. అది బ్యాటరీ మైకు. దాన్ని కరెంటు కోత కూడా ఆపలేకపోయింది.

తన గురించిన సంతాపసభ సిస్టర్ శౌరీలుకు బోరింగు దగ్గరికి స్పష్టంగా వినిపించింది. ఒళ్ళు మండింది. బకెట్టుతో సహా బయల్దేరబోతుంటే ఆయన గొంతు వణికింది.

"ఆ మహాతల్లి రెండేళ్ళుగా నన్ను ఒక్కటే కోరింది. ఆడకూలీలకు బాత్‌రూములు కట్టించమంది. బతికుండగా తీర్చలేకపోయాను. అందరి ముందూ మాటిస్తున్నాను. ఆవిడ జ్ఞాపకార్థం మా కోల్డ్ స్టోరేజీలో నీళ్ళతో, లైట్లతో ఆరు బాత్‌రూములు కట్టిస్తాను. రాతి మీద ఆవిడ పేరు చెక్కిస్తాను."

జనం చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి ఊరుకున్నారు. అందరి ఫోన్లూ వీడియో తీస్తున్నాయి.

సిస్టరు బకెట్టు కింద పెట్టింది. రెండేళ్ళ తిరుగుళ్ళలో, అర్జీల్లో, కాఫీల్లో కానిది ఒక్క చావుతో అయిపోయింది. వరసలో ముందున్న శివపార్వతి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, నువ్వు బయటికి రాకు. నీకు పుణ్యముంటుంది, ఒక్క నెల చచ్చిపో."

ఎవరూ నవ్వలేదు. సిస్టరు కూడా నిజంగానే ఆలోచించింది. వెనక గోడ వైపు చూసింది. గోడ దూకి గుంటూరు పోయి, అక్కడి సిస్టర్ల మఠంలో గది తలుపేసుకుంటే నెలరోజులు ఇట్టే గడుస్తాయి. అబద్ధమాడిన పాపానికి ఆరు బాత్‌రూములు సరిపోతాయేమో చర్చి ఫాదరును అడగొచ్చు. అయితే ఆ గోడ ఆవిడ మోకాళ్ళకు అందేది కాదు.

అప్పుడే పని ఎగ్గొట్టినవాళ్ళు ఎంతమందో లెక్కేద్దామని కోటేష్ పెరట్లోకి వచ్చాడు. తెల్లచీర, తడిసిన చేతులు, ఎదురుగా సిస్టర్ శౌరీలు. వాడు పెట్టిన కేక మైకు లేకుండానే హైవే అవతలికి వినిపించింది. జనమంతా పరుగెత్తుకొచ్చారు. కొందరు దండాలు పెట్టారు, కొందరు గేటు వైపు పారిపోయారు, వీరబాబు మాత్రం కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆవిడ వాణ్ణి లేపి, నీ సంగతి తర్వాత చెప్తాను అంది.

షామియానా కింద జానకిరామయ్య దండతో అలాగే నిలబడి ఉన్నాడు. విషయం అర్థమయ్యాక మొహం వికసించింది.

"హమ్మయ్య! ఇలాంటి పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందండీ. ఇక ఆ బాత్‌రూములంటారా, బతికున్న మనిషి పేరు రాతి మీద చెక్కించడం అరిష్టం. మీ మంచి కోరే చెప్తున్నాను. నిదానంగా చూద్దాం."

మళ్ళీ చూద్దాం. ఆవిడకు ఏడుపొచ్చినంత పనయింది. ఛీ, ఆ గోడేదో ఎక్కి దూకినా పోయేదే అనుకుంది. కానీ చెయ్యి మాత్రం మైకు అందుకుంది.

"మీరన్నది సబబే జానకిరామయ్యగారూ. బతికున్నవాళ్ళ పేరు వద్దు. పోయినవాళ్ళ పేరే చెక్కించండి. కనకలక్ష్మి పేరు చెక్కించండి."

ఆ అమ్మాయి మా మనిషి కాదని ఎప్పుడో చెప్పానుగా, కావాలంటే వీళ్ళనే అడగండి అని జానకిరామయ్య ఆడవాళ్ళ వైపు తిరిగాడు. అందరి తలలూ వంగాయి. ఆ వంగిన తలలు సిస్టరుకు కొత్తకాదు. ఇక అయిపోయిందనుకుంది.

వెంకటేశ్వరమ్మ కుర్చీలోంచి లేచింది. ముక్కు తుడుచుకుంది.

"నా పక్కనే కూర్చుని మీ కాయలకే తొడిమలు తీసిందండి నా కోడలు. లేస్తానంటే, కుప్ప అయ్యేదాకా కదలొద్దన్నాడు మేస్త్రి. ఓర్చుకుంది. చీకటి పడ్డాక వదిలాడు. అప్పుడు రోడ్డు దాటింది."

తర్వాత శివపార్వతి, నిజమేనండి అంది. ఆ వెనక ఇంకొకామె. ఆ తర్వాత ఎవరు ఎవరి కంటే ముందన్నారో చెప్పడం కష్టం. కోటేష్ చూపులు నేలమీద పడ్డాయి. ఇన్నేళ్ళలో వాడు తల దించుకోవడం ఆడవాళ్ళు అదే మొదటిసారి చూడటం.

చుట్టూ ఫోన్లు. ఇచ్చిన మాట అన్నిట్లోనూ ఉంది. చేతిలో దండ బరువుగా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో జానకిరామయ్యకు తోచలేదు. వెంకటేశ్వరమ్మ జాకెట్టులోంచి అద్దం పగిలిన చిన్న ఫోన్ తీసి, అందులో కోడలి ఫోటో పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో ఆనించింది. ఆయన వంగి నిలువెత్తు దండ దానికి వేశాడు. ఫోన్ కనిపించకుండా పోయింది. సరిగా పడలేదు, ఇంకోసారి వెయ్యండి సార్ అన్నాడు వీడియో తీసే అతను. ఆయన ఇంకోసారి వేశాడు.

మాట తప్పడానికి ఆయన నెలంతా ప్రయత్నించాడు కానీ వీడియోలు సాగనివ్వలేదు. ఆరు అన్నవి నాలుగయ్యాయి. రాతి మీద దాత పేరు అరచెయ్యంత అక్షరాల్లో, కనకలక్ష్మి పేరు దాని కింద వేలెడంత అక్షరాల్లో వచ్చింది. అయినా వచ్చింది. మా దగ్గర పనిచేసిన, అని కూడా చెక్కించకుండా సిస్టర్ శౌరీలు శిల్పిని కదలనివ్వలేదు. గేటుకున్న తన ఫ్లెక్సీ విప్పించడానికి మాత్రం ఆవిడకు తీరికే చిక్కలేదు. దారినపోయేవాళ్ళు దానికీ, గేటు దగ్గర నిలబడితే ఆవిడకూ కలిపి ఒకే దండం పెడుతున్నారు.

ప్రారంభోత్సవం రోజు లేబరాఫీసరు రిబ్బను కత్తిరించాడు. వెంకటేశ్వరమ్మ రాతి దగ్గరికి వెళ్ళి, చదవడం రాకపోయినా, కింది వరసలోని అక్షరాలను ఒక్కొక్కటే వేలితో తడిమింది. కళ్ళు ధారగా కారుతున్నాయి. ఆఫీసరు అటు చూస్తుంటే జానకిరామయ్య నవ్వి, ఏం లేదండీ, మిరప ఘాటు, మా ఆడకూలీల కళ్ళెప్పుడూ ఇంతే అన్నాడు.

సీజను అప్పటికే అయిపోయింది. కడిగి ఆరబెట్టిన షెడ్డులో మిరపకాయ ఒక్కటి లేదు.