చెదలు తిన్న బ్యాచ్

ఇకమీదట ఏ విద్యార్థీ స్ఫూర్తి పొందకుండా పరీక్ష రాయడానికి వీల్లేదని విద్యామంత్రి గారు ప్రకటించారు. ఆ ప్రకటన ఒక వంతెన ప్రారంభోత్సవంలో వెలువడింది. వంతెనకూ చదువుకూ సంబంధం ఏమిటని కొందరు గొణిగారు గానీ, ఆలోచన ఎక్కడ వస్తే అక్కడే చెప్పేయడం మంత్రిగారి అలవాటు. అది వచ్చేదే ఎప్పుడో ఒకసారి కాబట్టి ఆయన ఆలస్యం చేయరు.

వారం తిరిగేసరికి సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఉన్నత పాఠశాలా తన దగ్గర చదువుకుని పైకొచ్చిన ప్రముఖులను కనీసం పదిమందిని వెతికి పట్టుకోవాలి. వాళ్ళ పేర్లు నల్లరాతి ఫలకం మీద చెక్కించాలి. ఒక రోజు వాళ్ళను పిలిచి ఇప్పటి పిల్లలకు స్ఫూర్తి ఇప్పించాలి. పదిమంది దొరకని బడిని 'స్ఫూర్తిహీన పాఠశాల'గా గుర్తించి, దగ్గర్లో స్ఫూర్తి ఉన్న మరో బడిలో కలిపేస్తారు. గడువు నెల రోజులు.

రైల్వే గేటు పక్కనున్న పాత ఉన్నత పాఠశాలలో ఈ సర్క్యులర్ చదివి వినిపించినప్పుడు లెక్కల టీచరమ్మ స్టాఫ్ మీటింగులో లేదు. ఎనిమిదో తరగతి గదిలో కారుతున్న కప్పు కింద బకెట్ సర్దుతోంది. మీటింగులో లేనివాళ్ళకే పని అప్పగించడం ఆ బడిలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికే 'స్ఫూర్తి కన్వీనర్' అయిపోయి ఉంది.

"మీరైతేనే న్యాయం చేస్తారని ఏకగ్రీవంగా అనుకున్నామమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలూ ఏమీ జరగకుండా ఉండటమే ఆయన జీవితాశయం.

"పదిమంది దొరక్కపోతే మనల్ని ఏ బడిలో కలుపుతారు సార్?"

"హైవే అవతలి బడిలోనట. వాళ్ళకు ఒక టీవీ నటుడు ఉన్నాడు."

టీచరమ్మ మనసులో లెక్క వేసుకుంది. హైవే అవతలి బడి ఏడు కిలోమీటర్లు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఉంటే ఒకటి. బడిలో నూట అరవై నాలుగు మంది పిల్లలు, అందులో ఆడపిల్లలు డెబ్భై ఒక్కరు. ఏడు కిలోమీటర్లంటే మగపిల్లలకు దూరం, ఆడపిల్లలకు పెళ్ళి. నలభై మంది మానేస్తారు, తక్కువలో తక్కువ. అందరికంటే ముందు మానేది మెకానిక్ కూతురు. పదో తరగతిలో, ఆమాటకొస్తే టీచరమ్మ పాతికేళ్ళ సర్వీసులో, బోర్డు మీద తప్పు పోతే చెయ్యెత్తి చెప్పిన పిల్ల అదొక్కతే. ఆ పిల్ల తండ్రి ఎప్పుడో చెప్పేశాడు: "ఈ బడి ఉన్నన్నాళ్ళే టీచరమ్మా. రైల్వే గేటు దాటించి పంపేది లేదు."

కాబట్టి ప్రముఖులను వెతకక తప్పింది కాదు. గుమాస్తా గారి దగ్గర అడ్మిషన్ రిజిస్టర్లు తీయించి, మూడు ఆదివారాలు దుమ్ములో కూర్చుంది. ఆమె దృష్టిలో ప్రముఖులు దొరికారు కూడా. ప్రసూతి వార్డు నర్సమ్మ. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి ఒక్క కుక్కనైనా గుద్దని డ్రైవరు. ఊరికి నీళ్ళు వదిలే పంప్‌హౌస్ ఆపరేటరు. మిల్లులో చెయ్యి పోయినవాళ్ళకు ఒంటిచేత్తో వేసుకునే చొక్కా కనిపెట్టిన టైలరు. ఇలా సరిగ్గా పదిమంది. ఆనందంగా పోర్టల్ తెరిచింది.

పోర్టల్‌లో 'ప్రముఖుని రకం' అని ఒక గడి ఉంది. నొక్కితే ఆరు రకాలు కిందికి జారాయి: మంత్రి, మాజీ మంత్రి, కాబోయే మంత్రి, పారిశ్రామికవేత్త, నటులు, విదేశాల్లో ఉన్నవారు. ఏడోది లేదు. ఆమె విద్యాధికారి గారికి ఫోన్ చేసింది.

"నర్సు ఏ రకం కిందికి వస్తుంది సార్?"

"ఆవిడ విదేశాల్లో ఉందా?"

"లేదండీ, మన ఆస్పత్రిలోనే ఉంది."

"మరి ప్రముఖురాలు ఎలా అయింది?"

"ఈ ఊళ్ళో ముప్పాతిక మందికి పురుడు పోసింది సార్. మీ పిల్లలిద్దరికి కూడా."

 "అది పర్సనల్ మేటరమ్మా," అన్నారాయన.

"పోనీ బస్సు డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క యాక్సిడెంటూ లేదు."

"యాక్సిడెంటు లేకపోతే పేపర్లో ఎలా పడతాడు? పేపర్లో పడనివాణ్ణి చూసి పిల్లలు ఏం నేర్చుకుంటారు?"

ఇందులో తర్కం ఉందని టీచరమ్మ ఒప్పుకోక తప్పలేదు. విద్యాధికారి గారు ఊరికే అధికారి కాలేదు. ఆమె పదిమందినీ ఒక్కొక్కరుగా కొట్టేసింది. నర్సమ్మ పేరు మాత్రం అన్నిటికంటే చివర కొట్టేసింది, ఎందుకంటే తన కాన్పులో పురుడు పోసింది కూడా ఆవిడే. గడువు ఇంకా ఎనిమిది రోజులుంది.

ఆ మర్నాడే దేవుడు పంపినట్టు బ్యానర్ అన్న వచ్చాడు. ఊళ్ళో ఎవరు పుట్టినా, పోయినా, గెలిచినా తన పార్టీ నాయకుడి బొమ్మతో బ్యానర్ కట్టే మనిషి. ఇంతకాలం గుడ్డ మీద ఉన్న నాయకుడు రాతి మీదికి ఎక్కాలన్నది అతని కోరిక.

"మా అన్న పేరు మీ రాయి మీద పడాలక్కా."

"మీ అన్న ఇక్కడ చదివారా?"

"ఎక్కడో ఒకచోట చదివే ఉంటాడు కదక్కా. ఆ ఎక్కడో ఇక్కడే అయితే మీకేం నష్టం?"

"రిజిస్టర్లో ఉండాలి బాబూ."

అప్పుడు గుమాస్తా గారు దగ్గారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ రిజిస్టర్ల మధ్యే బతుకుతున్న మనిషి. బీరువా అడుగు నుంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. పైన అట్ట, కింద అట్ట, మధ్యలో గుప్పెడు మట్టి. ఎప్పటివో నాలుగేళ్ళ అడ్మిషన్లను చెదలు తినేశాయి.

"ఈ నాలుగేళ్ళలో ఎవరు చదివారో మనకు తెలీదమ్మా," అన్నారు గుమాస్తా గారు. "ఎవరు చదవలేదో అంతకన్నా తెలీదు."

టీచరమ్మ ఆ పూట అన్నం తినలేదు. పాతికేళ్ళలో ఒక్క పిల్లకు ఒక్క మార్కు ఎక్కువ వేయని మనిషి. ఒక అబద్ధం ఒకవైపు పెట్టింది, నలభై మంది ఆడపిల్లలను ఇంకోవైపు పెట్టింది. ఎన్నిసార్లు చేసినా లెక్క ఒకలాగే తేలింది. సాయంత్రం బ్యానర్ అన్నకు ఫోన్ చేసి, "ఒక్కరు చాలరు, పదిమంది కావాలి," అంది. 

"ఆ సంగతి నాకొదిలెయ్యక్కా," అన్నాడతను.

వదిలేయడమే ఆమె చేసిన పొరపాటు. గురువారానికి పదిమంది అయ్యారు. శుక్రవారానికి ముప్పై అయిదు. గేటు పక్క బడిలో నాలుగేళ్ళు ఖాళీగా ఉన్నాయని, రాయి మీద పేరు పడుతుందని ఊళ్ళో పొక్కిన తర్వాత నాయకులకు బాల్యం వరసగా గుర్తుకు రాసాగింది. చెదలన్నీ ఒకే పార్టీకి రాసిచ్చారా అని ప్రతిపక్షం వాళ్ళు గేటు ముందు బైఠాయించారు. హెడ్మాస్టరు గారు వణికిపోయి వాళ్ళకూ ఏడు సీట్లు ఇచ్చారు. మొత్తం నలభై రెండు తేలింది. అందులో ఒక యువనేత వయసు ముప్పై ఆరు. చెదలు తిన్న సంవత్సరాలు ఆయన పుట్టుకకు పదేళ్ళు ముందువి.

"తెలివైనవాడమ్మా," అన్నారు గుమాస్తా గారు పేరు రాసుకుంటూ. "చదువు ముగించుకుని పుట్టాడు."

గడువు చివరి రోజు మధ్యాహ్నం మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు. "మేడమ్, మంత్రిగారికి ఇప్పుడే గుర్తొచ్చింది. ఆయన కూడా ఆ చెదల్లోనే ఉన్నారు. ఫలకం ఆయనే స్వయంగా ఆవిష్కరిస్తారు."

దాంతో నలభై ముగ్గురు. పేరుతో పాటు 'బడి జ్ఞాపకం' రాసివ్వమంటే మంత్రిగారు తప్ప అందరూ ఒకటే రాశారు: మొదటి బెంచీలో మంత్రిగారి పక్కన కూర్చునేవాణ్ణని. టీచరమ్మ టేపు తీసి బెంచీ కొలిచింది. ఆరడుగులు. మనిషికి రెండంగుళాల చొప్పున కూడా రాదు. ఆ రోజుల్లో మనుషులు సర్దుకుపోయేవారని అనుకుని ఊరుకుంది. రాయి పట్టక ఇంకొక రాయి తెప్పించారు.

స్ఫూర్తి దినం నాడు ఎండ మండిపోయింది. నలభై ముగ్గురు ప్రముఖులూ నీడలో కూర్చున్నారు, నూట అరవై నాలుగు మంది పిల్లలు ఎండలో కూర్చుని స్ఫూర్తి పొందారు. జనాన్ని తెచ్చిన బస్సు నడిపింది ఆ డ్రైవరే. ఫలకం మీది తెర కుట్టింది ఆ టైలరే. సొమ్మసిల్లిన పిల్లల ముఖాన నర్సమ్మ నీళ్ళు చల్లుతోంది. ఆ నీళ్ళు ఆ పూట ప్రత్యేకంగా వదిలిన పంప్‌హౌస్ ఆపరేటరు గోడ బయట నిలబడి మైకు వింటున్నాడు.

మంత్రిగారు మాట్లాడారు. ఎదురుగా ఉన్న గది చూపించి, ఇదే గదిలో, ఇదే కిటికీ పక్కన కూర్చుని తాను కలలు కన్నానని చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ గది కట్టి ఆరేళ్ళయింది. అయినా కన్నీళ్ళు మాత్రం అసలువే, టీచరమ్మ దగ్గర నుంచి చూసింది. అంత నిజాయితీగా ఏడవగలిగిన మనిషి మంత్రి కావడంలో వింత లేదు.

పిల్లలు ప్రశ్నలు అడగవచ్చన్నారు. మెకానిక్ కూతురు చెయ్యెత్తింది. 

"సార్, అప్పుడు మీకు లెక్కలు ఎవరు చెప్పేవారు?"

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ ఆకాశం వైపు చూశాడు.

"నాకు లెక్కలు చెప్పే ధైర్యం అప్పుడూ ఎవరికీ ఉండేది కాదమ్మా," అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగిపోయాయి.

ఆ చప్పట్ల మధ్యే టీచరమ్మ వేదిక ఎక్కి అర్జీ చేతికిచ్చింది. ఎనిమిదో తరగతి కప్పు కారుతోందని, ఈ బడిని ఇక్కడే ఉంచమని రెండే ముక్కలు రాసింది. మంత్రిగారు అర్జీ చదివారు. నిజంగానే చదివారు. ఆయన ముఖంలో ఏదో వెలిగింది, ఇంకొక ఆలోచన వచ్చినట్టుంది.

"ఒక్క బ్యాచ్‌లో నలభై ముగ్గురు నాయకులను కన్న బడి ఇది," అన్నారు మైకులో. "దీని కప్పు కారనివ్వను. దీన్లో ఒక్క ఇటుకనైనా ఇక్కడి నుంచి కదలనివ్వను. ఇది నా మాట."

టీచరమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. అబద్ధం ఆడినా ఫలితం దక్కింది కదా అనుకుంది. ఆ పూట ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకుంది.

మంత్రిగారు మాట తప్పలేదు. పదిరోజుల్లో కప్పు బాగుచేశారు. గోడలకు సున్నం, కిటికీలకు కొత్త అద్దాలు, మొదటి బెంచీ చుట్టూ గాజుపెట్టె. చివర్లో ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టరు గారు నిలబడి చదివారు. ఈ భవనాన్ని 'రాష్ట్ర స్ఫూర్తి స్మారకం'గా ప్రకటించడమైనది. స్మారకంలో సుద్దముక్క వాడరాదు, బెంచీల మీద కూర్చోరాదు, పరుగెత్తరాదు. పిల్లల రాకపోకల వల్ల కట్టడానికి అరుగుదల కలుగుతున్నందున, వారిని సోమవారం నుంచి హైవే అవతలి పాఠశాలకు తరలించడమైనది.

టీచరమ్మ ఉత్తర్వు అందుకుని మళ్ళీ చదివింది. "అంటే బడి మూసేశారా సార్?"

"ఛ, అవేం మాటలమ్మా. చిరస్థాయి చేశారు," అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా రెండు నెలల చిల్లర ఉంది.

శనివారం మెకానిక్ వచ్చాడు. చేతులకు గ్రీజు ఉందని కాగితం ముట్టుకోకుండా దూరంగా నిలబడ్డాడు. కూతురు తండ్రి వెనక నిలబడి గాజుపెట్టెలోని బెంచీ వైపు చూస్తోంది. పోయిన వారం దాకా ఆ బెంచీ ఆ పిల్లదే. టీచరమ్మ టీసీ తీసుకుని పేరు, తరగతి నింపింది. 'చేరబోవు పాఠశాల' అన్న చోట పెన్ను ఆగింది.

"ఇక్కడ ఏం రాయను?"

"ఏమీ రాయొద్దు టీచరమ్మా," అన్నాడు మెకానిక్ నేల చూస్తూ.

ఆమె రాయలేదు. సంతకం పెట్టింది. అలాంటివి ఆ రోజు ముప్పై ఎనిమిది పెట్టింది. ఆమె మొదట వేసిన లెక్కకు రెండు తక్కువ. తన లెక్క అంత దగ్గరగా వచ్చినందుకు జీవితంలో మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది.

ఐదింటికి విద్యాధికారి గారి ఫోన్ వచ్చింది. ఆయన గొంతు పొంగిపోతోంది.

"కంగ్రాచ్యులేషన్సమ్మా. ఇప్పుడే పోర్టల్ చూశాను. ఒక్క రోజులో నూట అరవై నాలుగు మంది పూర్వ విద్యార్థులు. ఏ బడికీ ఇంత గ్రోత్ లేదు. మీ పేరు ఉత్తమ కన్వీనర్ అవార్డుకు పంపిస్తున్నాను."

"సార్," అంది టీచరమ్మ. "పోర్టల్‌లో కింద ప్రస్తుత విద్యార్థుల సంఖ్య అడుగుతోంది."

"సున్నా కొట్టండి. లేదా వదిలేయండి, పర్లేదు. ఆ గడి కంపల్సరీ కాదు."