రెండు మైక్రాన్ల దుమ్ము

దసరా సెలవులయ్యాక మొదటి రోజు పొద్దున్నే భూపాల్ తార్నాక మెట్రో దిగి, క్యాంపస్‌లోని ల్యాబుకు ఒకటే పరుగు. నాలుగేళ్లు కిందా మీదా పడి చేసిన గాజు గుళికలు సరిగ్గా రెండు మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉన్నాయని ఇవాళ చూపిస్తేనే గైడు అచ్యుతరామయ్య థీసిస్ మీద సంతకం పెడతారు. లేదంటే ఇంకో ఏడాది హాస్టల్ నీళ్లచారే గతి.

సీసా మూత తీసి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాడు. నలుపు తెలుపు కెమెరా ఫొటో తీసింది. కంప్యూటర్ ఒక్కో గుళిక చుట్టూ గీత గీసి కొలతలు చూపింది. ముప్పై, నలభై, ముప్పై అయిదు! భూపాల్ మళ్లీ కొలిచాడు, అవే అంకెలు.

"ఏంటయ్యా, ఇంతలేసి ఉన్నాయేంటి?" అప్పుడే లోపలికొచ్చిన గైడు కంప్యూటర్ తెరకు ముక్కు ఆనించారు.

"సెలవులల్ల పెరిగినయేమో సార్..." నోటికొచ్చింది అనేశాడు భూపాల్.

"గాజు పెరగడమే!" ఆయన కళ్లు చెమర్చాయి. "ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదయ్యా! మరి చుట్టూ ఈ చిన్న చుక్కలేంటి?"

"అవి..."

"దుమ్ము. తీసెయ్."

భూపాల్ మీట నొక్కాడు. అయిదు మైక్రాన్ల లోపువన్నీ మాయమయ్యాయి. ఆ సంబరంలో తనవి రెండు మైక్రాన్లన్న సంగతే అతనికి గుర్తు రాలేదు.

గైడు డీన్‌కు ఫోన్ చేశారు. డీన్ సుధామయి శాలువాతో సహా వచ్చారు. పక్క డిపార్టుమెంట్ల వాళ్లు వరస కట్టి, తెర చూసి నోళ్లు వెళ్లబెట్టారు. అటెండర్ శివమ్మను కూడా గైడు పిలిచారు. "నువ్వూ చూడమ్మా, అద్భుతం!"

తెర సంగతి తెలియని శివమ్మ మైక్రోస్కోపులోనే కన్ను పెట్టింది. "అబ్బ, బంగారమోలె ఎంత మంచిగున్నది! మా ఇంట్ల దంచిన పసుపే గద సార్ ఇది!"

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆయుధపూజ నాడు నీ సీసా మూత మీద గూడ ఇంత పసుపు చల్లిన బిడ్డా, నీ సదువు ఒడ్డున పడాలని."

పొద్దున మూత తీసినప్పుడు ఆ పసుపే సీసాలోకి రాలిందని భూపాల్‌కు అర్థమైంది. తీసేసిన దుమ్మును తెర మీదికి వెనక్కి తెచ్చాడు. పెద్దవాటిని వదిలేసి కొలిచాడు. రెండు, రెండు, రెండు... రెండు వేల గుళికలు, ఒక్కదానికీ తేడా లేదు. కంటికి ఆనని వాటిని ఇంత సమంగా చేసింది తన చేతులేనా అని అతనికి ఒళ్లు గగుర్పొడిచింది. గైడు కళ్లజోడు తీసి, తెరకు రెండు చేతులూ జోడించి, ఆ చేతులతోనే సంతకం పెట్టారు.

"మరి ఈ శాలువా?" అన్నారు డీన్.

భూపాల్ సిగ్గుపడ్డాడు. శివమ్మ "నాకెందుకమ్మా" అంది. చివరికి దాన్ని మైక్రోస్కోపుకు కప్పారు, దుమ్ము పడకుండా ఉంటుందని.